అమెరికా నగరాల్లో జాతి వివక్ష మీద వచ్చిన సినిమాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ విషయం మీద సినిమాలు చాలా ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?

మొదలుపెట్టడానికి రెండు సినిమాలు చాలు. ఒకటి స్పైక్ లీ తీసిన 'డూ ద రైట్ థింగ్' (1989), రెండోది పాల్ హ్యాగిస్ తీసిన 'క్రాష్' (2004). మొదటిది న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో, ఒకే వీధిలో, మండిపోయే ఎండాకాలంలో ఒక్క రోజు జరిగే కథ. రెండోది లాస్ ఏంజెలెస్ అంతా తిరుగుతూ ఒకటిన్నర రోజులో ముగిసే కథ. రెండింట్లోనూ నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు, ఆసియావాళ్ళు, లాటినోలు (లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్ళు) ఒకరినొకరు నోటికొచ్చినట్టు తిట్టుకుంటారు. రెండింట్లోనూ పోలీసులుంటారు, ఒక షాపు నాశనమవుతుంది, ఒక నల్లజాతి కుర్రాడి ప్రాణం పోతుంది.

ఇన్ని పోలికలున్నా రెండూ చెప్పేది ఒకటి కాదు. క్రాష్ దృష్టిలో వివక్ష మనిషి మనసులో ఉంటుంది. కోపం, భయం, ఒంటరితనం తగ్గితే అదీ తగ్గుతుంది. డూ ద రైట్ థింగ్ మాత్రం షాపు ఎవరిది, అద్దె ఎవరు వసూలు చేస్తారు, లాఠీ ఎవరి చేతిలో ఉంది అని అడుగుతుంది. నేను డూ ద రైట్ థింగ్ పక్షం. ఎందుకో కింది జవాబుల్లో చెబుతాను. ముగింపులతో సహా కథలన్నీ ఇక్కడ విప్పి చెప్పాను కాబట్టి, ముందే తెలిసిపోతే చూడబుద్ధి కానివాళ్ళు సినిమాలు చూసొచ్చాక చదవండి.

క్రాష్‌లో పాత్రలు ఎక్కువై గందరగోళంగా ఉంది. అసలు కథేమిటి?

ఒకరికొకరు తెలియని డజను మంది ఒకరి జీవితంలోకి ఒకరు వచ్చి పడతారు. జిల్లా అటార్నీ రిక్, అతని భార్య జీన్. వాళ్ళ కారు ఎత్తుకుపోయే ఇద్దరు నల్లజాతి కుర్రాళ్ళు ఆంథొనీ, పీటర్. పోలీసులు ర్యాన్, హాన్సన్. వాళ్ళు దారిలో ఆపిన నల్లజాతి దంపతులు, టీవీ డైరెక్టర్ కామెరాన్, క్రిస్టీన్. తాళాలు మార్చే లాటినో మనిషి డేనియల్. చిన్న షాపు నడుపుకునే ఇరానీయుడు ఫర్హాద్. నల్లజాతి డిటెక్టివ్ గ్రాహమ్. ఈ పేర్లు ముందే గుర్తుపెట్టుకుంటే సినిమా తేలిగ్గా అర్థమవుతుంది.

1991లో హ్యాగిస్ కారునే లాస్ ఏంజెలెస్‌లో ఒక వీడియో షాపు బయట తుపాకీ చూపించి లాక్కుపోయారు. ఆ కుర్రాళ్ళెవరు, వాళ్ళ బతుకేమిటి అన్న ఆలోచన ఆయన్ని ఏళ్ళ తరబడి వదల్లేదు. సినిమా అక్కణ్ణుంచి పుట్టింది.

లాస్ ఏంజెలెస్‌ను ఎంచుకోవడంలో అర్థముంది. వేరే ఊళ్ళలో నడుస్తుంటే జనం ఒకరికొకరు తగులుతారు, ఇక్కడ మాత్రం అందరం ఇనుము, అద్దాల వెనకాలే ఉంటాం అంటాడు గ్రాహమ్ మొదటి సీన్లోనే. సినిమా నిర్మాణమంతా దాని మీదే నిలబడింది. ఇందులో జనం మామూలుగా పరిచయమవ్వరు. యాక్సిడెంట్‌లోనో, దొంగతనంలోనో, పోలీసు ఆపినప్పుడో, తాళం బాగుచేయించుకునేటప్పుడో ఎదురుపడతారు. ఎదుటి మనిషి గురించి తెలుసుకునే వ్యవధి ఎవరికీ ఉండదు కాబట్టి రంగు, యాస, టాటూ చూసి ఒక అంచనాకు వచ్చేస్తారు.

రెస్టారెంట్ బయట సీన్ గురించి అందరూ ఎందుకంత మాట్లాడతారు?

ఆ ఒక్క సీన్లో సినిమా బలం, బలహీనత రెండూ ఉన్నాయి కాబట్టి.

ఆంథొనీ, పీటర్ తెల్లవాళ్ళు ఎక్కువగా తిరిగే ఏరియాలో ఒక రెస్టారెంట్ నుంచి బయటికొస్తారు. లోపల తమను సరిగ్గా పట్టించుకోలేదని, కాఫీ కూడా మళ్ళీ పోయలేదని ఆంథొనీ గొణుగుతుంటాడు. వడ్డించింది నల్లజాతి అమ్మాయే కదా అంటాడు పీటర్. ఐతే ఏమిటి, నల్లవాళ్ళు టిప్పు ఇవ్వరని ఆమె కూడా ముందే నిర్ణయించేసుకుంది అంటాడు ఆంథొనీ. ఎదురుగా జీన్, రిక్ వస్తుంటారు. వీళ్ళిద్దరినీ చూడగానే జీన్ భర్త చేయి గట్టిగా పట్టుకుని దగ్గరికి జరుగుతుంది. ఆంథొనీ దాన్ని పట్టేస్తాడు. చుట్టూ తెల్లవాళ్ళు, పైగా ఎప్పుడు కాల్చేద్దామా అన్నట్టుండే పోలీసులు, ఇక్కడ భయపడాల్సింది మనం కదా, మరి మనకెందుకు భయం లేదు అని అడుగుతాడు. మన దగ్గర తుపాకులున్నాయి కాబట్టా అంటాడు పీటర్. మరుక్షణం ఇద్దరూ తుపాకులు తీసి జీన్ వాళ్ళ కారు ఎత్తుకుపోతారు.

హాల్లో ఇక్కడ నవ్వు, షాక్ రెండూ వస్తాయి. రాతలో పనితనం గొప్పది, ఒప్పుకోవాల్సిందే. కానీ ఆ మలుపు ఏం చేస్తుందో ఆలోచించండి. నల్ల కుర్రాళ్ళను చూసి చేయి పట్టుకున్న ఆవిడ భయం నిజమని సినిమా తేల్చేసింది. దారిన పోయే వేలమంది నల్లజాతి కుర్రాళ్ళు ఏ పాపం ఎరగకుండా ఆ చూపును రోజూ భరిస్తారు. వాళ్ళ కథ చెప్పే అవకాశం చేతికొచ్చి కూడా దర్శకుడు ఒక మెరుపు కోసం వదులుకున్నాడు. జీన్ తర్వాత ఇంటికెళ్ళి అరుస్తుంది కూడా: నా భయం నిజమని నాకు తెలుసు, కానీ పైకంటే నన్ను జాతి వివక్ష ఉన్నదాన్నంటారు అని. దానికి సినిమా దగ్గర జవాబు లేదు.

పోలీసు ర్యాన్ మంచివాడా, చెడ్డవాడా?

సినిమా అడగమన్న ప్రశ్న ఇదే. రాత్రి కామెరాన్ దంపతుల కారు ఆపి, సోదా పేరుతో భర్త కళ్ళముందే క్రిస్టీన్ ఒళ్ళంతా తడిమి అవమానిస్తాడు. మర్నాడు యాక్సిడెంట్‌లో తిరగబడి అంటుకోబోతున్న కారులోంచి అదే క్రిస్టీన్‌ను ప్రాణాలకు తెగించి లాగుతాడు. ఇటు వివక్షంటే పడని కుర్ర పోలీసు హాన్సన్, చివర్లో దారిలో లిఫ్ట్ ఇచ్చిన పీటర్ జేబులో చేయి పెట్టగానే తుపాకీ అనుకుని కాల్చి చంపేస్తాడు. పీటర్ తీయబోయింది చిన్న సెయింట్ క్రిస్టొఫర్ బొమ్మ. అలాంటిదే హాన్సన్ కారు డ్యాష్‌బోర్డు మీద కూడా ఉంది.

హాన్సన్ కథ నాకు నచ్చింది. మంచి ఉద్దేశాలున్నవాడి వేలు కూడా ట్రిగ్గర్ మీదికి ఎంత తొందరగా వెళ్తుందో అది నిజాయితీగా చెప్పింది. ర్యాన్ విషయంలో మాత్రం ఒప్పుకోలేను. అతనికి జబ్బు తండ్రిని ఇచ్చారు, తండ్రి నష్టపోయిన కథ ఇచ్చారు, సాహసం చేసే అవకాశం ఇచ్చారు. క్రిస్టీన్‌కు ఏమిచ్చారు? అవమానం, ఆ తర్వాత అవమానించినవాణ్ణే పట్టుకుని ప్రాణం దక్కించుకోవాల్సిన గతి. ఫిర్యాదు చేద్దామని ఆమె పట్టుబడితే భర్తే వద్దంటాడు. ఒకడు చేసిన తప్పుకు ప్రాయశ్చిత్తం అతని మొహంలో చూపించడానికి ఆమె శరీరాన్ని రెండుసార్లు వాడుకున్నారు.

క్రాష్‌కు ఉత్తమ చిత్రం ఆస్కార్ వచ్చింది కదా. మరి అంత విమర్శ ఎందుకు?

2006 మార్చిలో ఆ అవార్డు ప్రకటించిన జాక్ నికల్సనే కవరు తెరిచి ఆశ్చర్యపోయాడు. అందరూ 'బ్రోక్‌బ్యాక్ మౌంటెన్'కు వస్తుందనుకున్నారు. క్రాష్‌కు స్క్రీన్‌ప్లే, ఎడిటింగ్ అవార్డులు కూడా వచ్చాయి. ప్రసిద్ధ విమర్శకుడు రోజర్ ఎబర్ట్ ఆ ఏడాది అన్నిటికన్నా మంచి సినిమా అదేనన్నాడు. నల్లజాతి రచయిత టా-నెహీసీ కోట్స్ మాత్రం దశాబ్దంలోకెల్లా చెత్త సినిమా అని 2009లో రాశాడు. ఆ ఏడాది ఉత్తమ చిత్రం తనదే అనుకోవడం లేదని 2015లో హ్యాగిసే అన్నాడు.

విమర్శ సారాంశం ఇది: అందరిలోనూ వివక్ష ఉంది అని చెప్పి సినిమా అందరినీ ఒకే గాటన కట్టేసింది. ఇన్సూరెన్స్ ఆఫీసులో మాట తూలిన ఉద్యోగిని, రోడ్డు మీద తుపాకీతో ఉన్న పోలీసు ఒక్కటే అన్నట్టు చూపించింది. మాట నొప్పిస్తుంది, కానీ పోలీసు చేతిలో ఉన్నది మాటొక్కటే కాదు కదా.

ఐతే క్రాష్ చూడక్కర్లేదా?

చూడాలి. ఫర్హాద్ కోసమైనా చూడాలి. మనవాళ్ళకు బాగా దగ్గరయ్యే కథ అదే.

మొదట్లోనే ఫర్హాద్ కూతురితో కలిసి తుపాకీ కొనడానికి వెళ్తాడు. తండ్రీకూతుళ్ళు ఫార్సీలో మాట్లాడుకుంటుంటే షాపువాడు ఫర్హాద్‌ను ఒసామా అని పిలిచి వెళ్ళగొడతాడు. తర్వాత ఫర్హాద్ షాపు తలుపు తాళం పాడైతే డేనియల్ వస్తాడు. తాళం మార్చాను, కానీ అసలు లోపం తలుపులో ఉంది, తలుపు మార్చాలి అంటాడు. ఇంగ్లిష్ అంతంతమాత్రం, పైగా ఎవరైనా మోసం చేస్తారన్న భయం. ఫర్హాద్ అతన్ని దొంగ అని అరుస్తాడు. డేనియల్ బిల్లు కాగితం నలిపి పడేసి, డబ్బులు కూడా తీసుకోకుండా వెళ్ళిపోతాడు. ఆ రాత్రే ఎవరో షాపులో జొరబడి అంతా ధ్వంసం చేసి, గోడల మీద అరబ్బుల్ని తిడుతూ రాతలు రాస్తారు. వాటిని తుడుస్తూ ఫర్హాద్ భార్య అడుగుతుంది, మనం పర్షియన్లం, అరబ్బులం ఎప్పుడయ్యాం అని.

2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రం ఒలేథాలోని బార్‌లో ఆఫీసు అయ్యాక కూర్చున్న ఇద్దరు తెలుగు ఇంజనీర్ల మీద ఒక తెల్లజాతి మనిషి, నా దేశం నుంచి పొండి అని అరుస్తూ కాల్పులు జరిపాడు. హైదరాబాద్ నుంచి వెళ్ళిన ఒకాయన చనిపోయారు. రెండో ఆయన, అడ్డుకోబోయిన ఒక అమెరికన్ గాయపడ్డారు. కాల్చినవాడు పారిపోయి, ఇద్దరు ఇరానీయుల్ని కాల్చానని మరో చోట చెప్పుకున్నాడు. ఆ వార్త విన్నాక నాకు ఫర్హాద్ భార్య మాటలే చెవిలో మోగాయి. అప్పట్లో మనవాళ్ళలో చాలామంది మేం ఇండియన్లమని తెలిసేలా ఎలా ఉండాలి అని మాట్లాడుకున్నారు. ఆ మాట వెనక భయాన్ని అర్థం చేసుకోగలను. కానీ ఇరానీయులైతే కాల్చవచ్చా? ఫర్హాద్ భార్య ప్రశ్నలోనూ ఆ ఇబ్బంది ఉంది, సినిమా దాన్ని గమనించినట్టు లేదు.

నష్టానికి డేనియలే కారణమనుకుని ఫర్హాద్ తుపాకీ పట్టుకుని అతని ఇంటికెళ్తాడు. కాల్చే క్షణంలో డేనియల్ కూతురు తండ్రి మీదికి దూకుతుంది. ఫర్హాద్ కూతురు ఆ రోజు తుపాకీ షాపులో కొన్న డబ్బాలో ఉన్నవి ఉత్తుత్తి తూటాలు. అందుకే పాప బతుకుతుంది.

డూ ద రైట్ థింగ్‌లో పిజ్జా షాపు గోడ మీద ఫోటోల కోసం అంత గొడవ ఏమిటి?

సాల్ అనే ఇటాలియన్ అమెరికన్ పాతికేళ్ళుగా బెడ్‌ఫర్డ్-స్టైవెసెంట్‌లో పిజ్జా షాపు నడుపుతుంటాడు. అది నల్లజాతివాళ్ళ పేట. గోడ నిండా ఇటాలియన్ అమెరికన్ నటులు, గాయకులు, ఆటగాళ్ళ ఫోటోలే. బగిన్ ఔట్ అనే కుర్రాడు పిజ్జా తింటూ అడుగుతాడు, మనవాళ్ళ ఫోటో ఒక్కటీ లేదేం అని. సాల్ జవాబు సూటిగా ఉంటుంది: నీ షాపు నువ్వు పెట్టుకో, నీకు కావలసినవాళ్ళ ఫోటోలు పెట్టుకో, ఇది నా షాపు. బగిన్ ఔట్ కూడా తగ్గడు: ఇక్కడ తినే ఇటాలియన్లు నాకెవరూ కనపడరు, తినేదంతా మేమే, మా డబ్బుతో నడిచే షాపులో మాకో మాట ఉండొద్దా?

ఈ సంభాషణ చూసినప్పుడల్లా ఇద్దరి మాటా సబబుగానే వినిపిస్తుంది. స్పైక్ లీ గొప్పతనం అక్కడుంది. సాల్‌ను రాక్షసుణ్ణి చేయలేదు. తన పిజ్జా తిని ఈ వీధి పిల్లలు పెరిగారని సాల్‌కు నిజంగానే గర్వం. కానీ సాయంత్రమైతే అతను కొడుకులతో కారెక్కి తెల్లవాళ్ళుండే బెన్సన్‌హర్స్ట్‌కు వెళ్ళిపోతాడు. ఆ వీధి జనం అక్కడ అడుగుపెట్టలేరు. ఇది కల్పన కాదు. సినిమా విడుదలైన రెండు నెలల్లోపే, 1989 ఆగస్టులో, పాత కారు చూడ్డానికి బెన్సన్‌హర్స్ట్ వెళ్ళిన 16 ఏళ్ళ నల్లజాతి కుర్రాణ్ణి అక్కడి తెల్లజాతి గుంపు చుట్టుముట్టింది, అందులో ఒకడు కాల్చి చంపాడు.

సాల్ పెద్ద కొడుకు పీనోతో మూకీ మాట్లాడే సీన్ కూడా ఆగి చూడండి. మూకీ ఆ షాపులో పిజ్జా డెలివరీ చేస్తాడు, ఆ పాత్ర స్పైక్ లీయే వేశాడు. నల్లవాళ్ళంటే పడని పీనోను, నీకిష్టమైన బాస్కెట్‌బాల్ ఆటగాడెవరు, నటుడెవరు అని అడుగుతాడు. మ్యాజిక్ జాన్సన్, ఎడ్డీ మర్ఫీ. ఇద్దరూ నల్లజాతివాళ్ళే కదా అంటే, వాళ్ళు వేరు, వాళ్ళు నిజంగా నల్లవాళ్ళు కాదు అని తడుముకుంటాడు పీనో. మూస అభిప్రాయం ఎలా బతుకుతుందో ఇంత చిన్న సీన్లో ఇంత స్పష్టంగా చెప్పిన సినిమా నేను చూడలేదు. నచ్చిన మనిషి ఎదురైతే మూస మారదు, ఆ మనిషిని మూసలోంచి మినహాయిస్తారు. నువ్వు మిగతా ముస్లింల్లాంటివాడివి కాదు, నువ్వు ఎస్సీలా అనిపించవు అని మనవాళ్ళు మెచ్చుకోలుగా అనే మాటలు ఈ కోవలోవే.

మూకీ చివర్లో చెత్తడబ్బా విసరడం తప్పు కదా?

ఆ ఒక్క ప్రశ్న మీద ముప్పై ఏళ్ళకు పైగా వాదన నడుస్తోంది. రేడియో రహీమ్ అనే కుర్రాడు పెద్ద టేప్‌రికార్డర్ మోగించుకుంటూ షాపులోకి వస్తాడు. సాల్ బ్యాట్‌తో దాన్ని పగలగొడతాడు. కొట్లాట వీధిలోకి పాకుతుంది. పోలీసులు వచ్చి రహీమ్ మెడకు లాఠీ అడ్డంపెట్టి పైకెత్తి ఊపిరాడకుండా చేసి చంపేస్తారు. అప్పుడు మూకీ చెత్తడబ్బా ఎత్తి షాపు అద్దం మీదికి విసురుతాడు. జనం షాపు తగలబెడతారు.

చూసినవాళ్ళలో చాలామందికి ఆ అద్దం గుర్తుంటుంది, రహీమ్ గుర్తుండడు. మూకీ అలా ఎందుకు చేశాడని నల్లజాతి ప్రేక్షకులెవరూ తననెప్పుడూ అడగలేదని స్పైక్ లీ చెబుతూ వచ్చాడు. విడుదలకు ముందు కొందరు తెల్లజాతి విమర్శకులు సినిమా చూసి నల్లవాళ్ళు అల్లర్లకు దిగుతారని రాశారు. ఎక్కడా అల్లర్లు జరగలేదు. చెత్తడబ్బా సాల్ ప్రాణం కాపాడింది, జనం కోపాన్ని మనిషి మీంచి షాపు మీదికి మళ్ళించింది అనేవాళ్ళున్నారు. నాకు ఆ వివరణ కూడా అవసరం అనిపించదు. ఒక కుర్రాణ్ణి కళ్ళముందు చంపాక వీధి ఊరుకోలేదు. సినిమా చూపించింది అది.

షాపు కాలుతుండగా స్మైలీ అనే మాట సరిగా రాని కుర్రాడు లోపలికెళ్ళి, నల్లజాతి నాయకులు మార్టిన్ లూథర్ కింగ్, మాల్కం ఎక్స్ కలిసి ఉన్న ఫోటోను మంటల మధ్య ఆ గోడకు అంటిస్తాడు. ఆ గోడ మీదికి మొదటి నల్లజాతి ఫోటో ఎక్కింది అప్పుడే.

రహీమ్ చావు గాలిలోంచి పుట్టలేదు. 1983లో మైకేల్ స్టీవర్ట్ అనే యువకుణ్ణి సబ్‌వేలో గోడ మీద రాస్తున్నాడని పట్టుకున్న న్యూయార్క్ పోలీసుల అదుపులో అతను స్పృహ తప్పి, తర్వాత చనిపోయాడు. సినిమా చివర అతని కుటుంబం పేరు, అలాంటి మరికొన్ని కుటుంబాల పేర్లు అంకితంలో ఉన్నాయి. 2014లో ఎరిక్ గార్నర్ అనే నల్లజాతి మనిషిని ఇదే నగరంలో పోలీసు మెడ బిగించి పట్టుకోగా చనిపోయాడు. స్పైక్ లీ ఆ వీడియోను, రహీమ్ సీన్‌ను పక్కపక్కన కూర్చి చూపించాడు.

ఈ సినిమాల్లో ఆసియావాళ్ళ షాపు ఎప్పుడూ ఉంటుంది. ఎందుకు?

ఆ షాపు నిజంగా అక్కడుంది కాబట్టి. 1960ల అల్లర్ల తర్వాత తెల్లజాతి వ్యాపారులు చాలామంది నల్లజాతి పేటలు వదిలి వెళ్ళారు. 1965లో వలస చట్టం మారాక వచ్చిన కొరియన్లు తక్కువ పెట్టుబడితో దొరికిన ఆ షాపుల్ని తీసుకున్నారు. పదహారు గంటలు పనిచేసే కుటుంబం, బ్యాంకు అప్పు దొరక్క సొంత షాపు పెట్టుకోలేని పేట జనం. మధ్యలో గల్లాపెట్టె. గొడవకు ఇంతకన్నా ఏం కావాలి?

డూ ద రైట్ థింగ్‌లో గోడ నీడన కూర్చున్న ముగ్గురు నడివయసు మనుషులు ఎదురుగా ఉన్న కొరియన్ షాపును చూసి మాట్లాడుకుంటారు. ఓడ దిగి ఏడాది కాలేదు, మన పేటలో షాపు పెట్టేశారు, మరి మనమెందుకు పెట్టలేకపోయాం అని. అందులో అసూయ ఉంది, సిగ్గు ఉంది, న్యాయమైన ప్రశ్న కూడా ఉంది. సాల్ షాపు తగలబెట్టాక గుంపు ఆ కొరియన్ షాపు వైపు తిరిగితే, షాపతను చీపురు తిప్పుతూ, నేను తెల్లవాణ్ణి కాదు, నేనూ నల్లవాణ్ణే, మీరూ నేనూ ఒకటే అని అరుస్తాడు. గుంపు వదిలేస్తుంది.

నిజ జీవితంలో అంత తేలిగ్గా వదల్లేదు. 1991 మార్చి 16న లాస్ ఏంజెలెస్‌లో లటాషా హార్లిన్స్ అనే 15 ఏళ్ళ నల్లజాతి అమ్మాయి ఆరెంజ్ జ్యూస్ సీసా దొంగిలిస్తోందని కొరియన్ షాపు యజమానురాలు అనుకుంది. పెనుగులాట జరిగింది, అమ్మాయి వెనక్కి తిరిగి వెళ్తుంటే కాల్చింది. సీసా ఖరీదు 1.79 డాలర్లు. అమ్మాయి చేతిలో రెండు డాలర్లున్నాయి. ఆవిడకు జైలు శిక్ష పడలేదు. దానికి సరిగ్గా పదమూడు రోజుల ముందు పోలీసులు రాడ్నీ కింగ్ అనే నల్లజాతి మనిషిని చితకబాదారు, ఆ వీడియో దేశమంతా చూసింది. 1992 ఏప్రిల్ 29న ఆ పోలీసులు కోర్టులో నిర్దోషులుగా బయటపడ్డాక నగరం తగలబడింది. 60 మందికి పైగా చనిపోయారు, కొరియన్ల షాపులు రెండు వేలకు పైగా నాశనమయ్యాయి.

1993లో వచ్చిన 'ఫాలింగ్ డౌన్'లో ఉద్యోగం పోయిన తెల్లజాతి హీరో, కోక్ ధర ఎక్కువ చెప్పాడని కొరియన్ షాపును బ్యాట్‌తో ధ్వంసం చేస్తాడు. కొరియన్ అమెరికన్లు దానిపై నిరసన తెలిపారు. స్పైక్ లీ షాపతనికి కనీసం భార్య, ఒక గొంతు ఇచ్చాడు. ఫాలింగ్ డౌన్‌లో యాస తప్ప ఏమీ లేదు.

ఇది చదివే తెలుగువాళ్ళు ఆ గల్లాపెట్టె వెనక మనవాణ్ణి ఊహించుకోక తప్పదు. గ్యాస్ స్టేషన్లలో, కన్వీనియన్స్ స్టోర్లలో పార్ట్ టైమ్ చేసే మన విద్యార్థులు దోపిడీల్లో చనిపోయిన వార్తలు ఎన్నో చదివాం. ఆ దుఃఖం ఎంత నిజమో, ఆ తర్వాత వాట్సాప్ గ్రూపుల్లో నల్లవాళ్ళందరి మీదా పడే ముద్ర కూడా అంతే నిజం. అమెరికాలో మనం తెలుపూ నలుపూ కథకు బయట నిలబడి చూస్తున్నామని చాలామంది అనుకుంటారు. ఈ సినిమాలు చూస్తే మనం నిలబడింది సరిగ్గా మధ్యలో అని తెలుస్తుంది.

నల్లజాతివాళ్ళు ఒకే పేటలో ఎందుకుంటారు? సినిమాలు ఆ సంగతి చెబుతాయా?

చాలావరకు చెప్పవు. వాళ్ళంతట వాళ్ళే అక్కడ చేరినట్టు చూపిస్తాయి. 1930ల్లో ప్రభుత్వ సంస్థ నగరాల మ్యాపులు గీసి, నల్లవాళ్ళుండే పేటలకు ఎర్రరంగు వేసి అప్పుకు ప్రమాదకరం అని గుర్తుపెట్టింది. ఎర్ర గీత లోపల ఇల్లు కొనడానికి అప్పు పుట్టేది కాదు. తెల్లపేటల్లో నల్లవాళ్ళకు అమ్మకూడదని దస్తావేజుల్లోనే రాసేవారు. అలాంటి షరతుల్ని కోర్టులు అమలు చేయకూడదని సుప్రీం కోర్టు 1948లో చెప్పింది. ఇళ్ళ అమ్మకంలో, అద్దెలో వివక్షను నిషేధించే చట్టం 1968లో వచ్చింది. అప్పటికి రెండు తరాల ఆస్తి తేడా వచ్చేసింది.

దీన్ని తెర మీద పెట్టినవాడు జాన్ సింగిల్టన్. 1991లో వచ్చిన 'బాయ్జ్ ఇన్ ద హుడ్'లో ఫ్యూరియస్ అనే తండ్రి కొడుకునూ అతని స్నేహితుణ్ణీ ఒక హోర్డింగ్ దగ్గరికి తీసుకెళ్తాడు. ఇళ్ళు కొంటాం అన్న ప్రకటన అది. పేట ధర పడేస్తారు, చవగ్గా కొంటారు, మనల్ని ఖాళీ చేయించి ఎక్కువకు అమ్ముకుంటారు అని చెబుతాడు. మన పేటలో ప్రతి మూలా మద్యం షాపు, తుపాకీ షాపు ఎందుకున్నాయి అని అడుగుతాడు. పాఠం చెప్పినట్టే ఉంటుంది ఆ సీన్, ఐనా నాకిష్టం. ఆ పాఠం ఇంకెక్కడా దొరకదు. ఉత్తమ దర్శకుడి ఆస్కార్‌కు నామినేట్ అయిన మొదటి నల్లజాతి దర్శకుడు సింగిల్టనే, ఆ విభాగంలో అందరికన్నా చిన్నవాడూ అతనే.

అందులో హీరో ట్రే మెడ మీద తుపాకీ పెట్టి బెదిరించే పోలీసు కూడా నల్లవాడే. తన జాతివాళ్ళంటేనే అతనికి అసహ్యం. యూనిఫాం వేసుకున్నాక చర్మం రంగు ఒక్కటే ఏమీ మార్చదని చూపించిన సీన్ అది.

నిజంగా జరిగిన సంఘటన మీద తీసిన సినిమా ఏదైనా ఉందా?

ర్యాన్ కూగ్లర్ తొలి సినిమా 'ఫ్రూట్‌వేల్ స్టేషన్' (2013). 2009 జనవరి 1 తెల్లవారుజామున ఓక్లండ్ రైల్వే స్టేషన్ ప్లాట్‌ఫాం మీద 22 ఏళ్ళ ఆస్కార్ గ్రాంట్‌ను, బోర్లా పడుకోబెట్టి ఉండగా, పోలీసు కాల్చి చంపాడు. సినిమా ఆ ముందు రోజంతా చూపిస్తుంది: అమ్మ పుట్టినరోజు, పోయిన ఉద్యోగం, కూతురితో ఆట. అతన్ని దేవుణ్ణి చేయలేదు, జైలుకెళ్ళొచ్చిన సంగతీ చెప్పింది.

అమెరికా బయట?

ఫ్రెంచి సినిమా 'లా హెన్' (1995) తప్పక చూడండి. పారిస్ శివారు కాలనీలో ఉండే ముగ్గురు స్నేహితులు, ఒకడు యూదు, ఒకడు నల్లవాడు, ఒకడు అరబ్బు. పోలీసు దెబ్బలకు ఒక స్నేహితుడు ఆస్పత్రి పాలైన మర్నాటి కథ. అప్పటి ప్రధాని అలాన్ జుప్పే మంత్రులకు ప్రత్యేకంగా ప్రదర్శన వేయించాడు. మన దేశంలో ఈశాన్య రాష్ట్రాలవాళ్ళు ఢిల్లీలో పడే అవమానాల మీద 'అఖూనీ' (2019) వచ్చింది. పెళ్ళి విందుకు పులియబెట్టిన సోయాతో కూర వండుకోవడానికి అద్దె ఇంట్లో వాళ్ళు పడే పాట్లు చూస్తే, మాంసం వండుతారని ఇల్లు దొరకనివాళ్ళకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

మనవాళ్ళ మీద మూస పాత్రల సంగతేమిటి?

'ద సింప్సన్స్' కార్టూన్‌లో 1990లో వచ్చిన అపూ అనే షాపు యజమాని దశాబ్దాల పాటు అమెరికాలో భారతీయుడంటే గుర్తొచ్చే మొహం అయ్యాడు. ఆ యాస పలికింది తెల్లజాతి నటుడు. బడిలో పిల్లల్ని ఆ యాసతో వెక్కిరించేవాళ్ళు. న్యూయార్క్‌లో తెలుగు కుటుంబంలో పెరిగిన కమెడియన్ హరి కొండబోలు 2017లో దీని మీద డాక్యుమెంటరీ చేశాడు. ఆ పాత్రకు ఇక గొంతు ఇవ్వనని ఆ నటుడు 2020లో ప్రకటించాడు. మరోవైపు మీరా నాయర్ 'మిసిసిపీ మసాలా' (1991)లో మన కుటుంబం కూతురు నల్లజాతి యువకుణ్ణి ప్రేమిస్తే ఎలా భగ్గుమంటుందో చూపించింది. ఈ రెండూ పక్కపక్కన చూడాలి.

తెలుగు సినిమాల్లో ఇలాంటివి ఉన్నాయా?

నగరంలో జాతి వివక్షను తిన్నగా తీసుకున్నవి నా ఎరుకలో లేవు. ఆఫ్రికా మనిషి కనిపిస్తే డ్రగ్స్ ముఠాలోనో, నవ్వుల సీన్లోనో కనిపిస్తాడు. హైదరాబాద్‌లో చదువుకునే ఆఫ్రికన్ విద్యార్థులు వేలల్లో ఉన్నారు. నిజాం ఆఫ్రికన్ ఆశ్విక దళం పేరు మీదే ఏసీ గార్డ్స్ అన్న పేట ఉంది. అక్కడి ఆఫ్రికా సంతతి సిద్దీలు వాయించే మర్ఫా వాద్యం లేనిదే పాతబస్తీ పెళ్ళి ఊరేగింపు కదలదు. ఇంత కథ చేతిలో ఉండి ఒక్క దర్శకుడూ ముట్టుకోకపోవడం బాధగా ఉంటుంది.

పిల్లలతో కలిసి చూడొచ్చా?

డూ ద రైట్ థింగ్, బాయ్జ్ ఇన్ ద హుడ్, క్రాష్, ఫ్రూట్‌వేల్ స్టేషన్ నాలుగింటికీ అమెరికాలో ఆర్ రేటింగ్ ఉంది, అంటే 17 ఏళ్ళ లోపువాళ్ళు పెద్దవాళ్ళతో కలిసే చూడాలి. బూతులు, జాతి తిట్లు విపరీతంగా ఉంటాయి. క్రాష్‌లో క్రిస్టీన్ సోదా సీన్ చిన్నపిల్లలకు అస్సలు వద్దు. పదిహేను, పదహారేళ్ళ పిల్లలైతే పక్కన కూర్చుని చూడండి. అక్కడ చదివే పిల్లలకు ఈ విషయాలు మనకన్నా ఎక్కువే తెలిసి ఉంటాయి, వాళ్ళను మాట్లాడనివ్వండి.

ఏ వరసలో చూస్తే బాగుంటుంది?

ముందు డూ ద రైట్ థింగ్. తర్వాత బాయ్జ్ ఇన్ ద హుడ్, ఆ తర్వాత క్రాష్. ఈ వరసలో వెళ్తే క్రాష్‌లో ఏం లేదో దానంతటదే కనిపిస్తుంది. ఫ్రూట్‌వేల్ స్టేషన్ గంటన్నర లోపే అయిపోతుంది కానీ దాని వెంటనే ఇంకో సినిమా పెట్టకండి, ఆ రాత్రికి అది ఒక్కటే చాలు.